రసమట్టం సాక్షిగా

గోడకి ఫొటో తగిలించే పని నాకెవరూ అప్పగించలేదు. మా ఆవిడ మేకులూ సుత్తీ తెచ్చుకుని, స్టూలు మీద అప్పటికే ఒక కాలు పెట్టింది. "ఆగాగు, అలా కంటి ఉజ్జాయింపున కొడితే వంకరొస్తుంది" అన్నాను. అంతే, ఆవిడ కాలు దించింది, సుత్తి నా చేతిలో పెట్టింది. ఆదివారం నా చేతుల్లోంచి జారిపోయింది.

ముందు ఆ ఫొటో సంగతి చెప్పాలి. కిందటేడు సముద్రం ఒడ్డున తీసుకున్నది. కెమెరా స్టాండు మీద పెట్టి, పది సెకన్ల టైమరు నొక్కి, నేను పరుగెత్తుకొచ్చి వరసలో నిలబడాలి. నిలబడ్డాను, ఇరవై ఆరు సార్లు. ఒకసారి అమ్మాయి కళ్ళు మూసింది. ఒకసారి మా ఆవిడ జుట్టు మొహాన పడింది. ఒకసారి అంతా కుదిరింది గానీ మా వెనక ఎవరిదో కుక్క మాకంటే బాగా పడింది. ఇరవై ఏడోసారి ఇసుకలో స్టాండు కాలొకటి దిగబడింది, దాంతోపాటు నాదీ దిగబడింది. నేను బోర్లా పడబోతూ సగం ఫొటోలో, సగం బయట. తల్లీకూతుళ్ళు కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. వెనకాల సముద్రం ఎడమవైపుకి ఒరిగిపోయి, ఇంకాసేపుంటే నీళ్ళన్నీ ఆ మూల నుంచి కారిపోయేలా ఉంది.

నా ఓటు ఇరవై నాలుగో ఫొటోకి. అందులో ఎవరి భుజం ఎక్కడుండాలో అక్కడుంది. "పాస్‌పోర్టు కోసం వరసలో నిలబడ్డట్టున్నాం నాన్నా" అంది అమ్మాయి. రెండు ఓట్లు అటు, ఒకటి ఇటు. ఒరిగిన సముద్రమే నెగ్గి, ఫ్రేము కట్టించుకుని ఇంటికొచ్చింది.

ఆఫీసులోనూ నా పరిస్థితి ఇంతే. నా రిపోర్టులకి 'ఫైనల్', 'అసలు ఫైనల్', 'ఇదే ఫైనల్', 'ఇదే ఫైనల్ కొత్తది' అని పేర్లుంటాయి. ఒకసారి తొందరలో వీటన్నిటికంటే ముందు రాసిన చిత్తుప్రతి వెళ్ళిపోయింది. నాలుగు గంటలు నాకు ఊపిరాడలేదు. సాయంత్రం మా పై అధికారి నుంచి "ఈసారి చదవడానికి హాయిగా ఉంది" అని జవాబొచ్చింది. ఆ రోజు నుంచి ఆయన అభిరుచి మీద నాకు నమ్మకం పోయింది.

సరే, ఫొటో ఎలాగూ వంకర, కనీసం ఫ్రేమైనా తిన్నగా ఉండాలని పక్కింటాయన దగ్గర రసమట్టం అడిగి తెచ్చాను. తాపీమేస్త్రీలు వాడేదే. చిన్న గాజు గొట్టంలో ద్రవం, దాంట్లో ఒక గాలి బుడగ. బుడగ రెండు గీతల మధ్య నిలబడితే మట్టం కుదిరినట్టు. ఆ గొట్టం లోపలివైపు పైకి కొంచెం వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు ఉండబట్టే బుడగ నడుమకి చేరుతుంది. తిన్నదనాన్ని కొలిచే వస్తువు కడుపులోనే వంకర ఉందని తెలిసినా నాకు బుద్ధి రాలేదు.

ఫ్రేము వెనక రెండు కొక్కేలున్నాయి. అంటే రెండు మేకులు, రెండూ ఒకే ఎత్తులో. టేపుతో కొలిచి, పెన్సిలు గీత గీసి, మొదటిది కొట్టాను. బ్రహ్మాండం. రెండోది గీత మీదే మొదలుపెట్టాను గానీ, లోపల ఏ గట్టి రాయి తగిలిందో, రెండు మిల్లీమీటర్లు కిందికి దిగింది. పీకి మళ్ళీ కొట్టాను. ఈసారి పైకెక్కింది. మళ్ళీ పీకితే మేకుతోపాటు అరచేయంత పెచ్చు ఊడొచ్చింది. పక్కకి జరిపి కొడదామంటే మొదటి మేకునూ జరపాలి. అలా అది పోయి, ఇది పోయి, మధ్యాహ్నానికి గోడకి తొమ్మిది చిల్లులు, నా బొటనవేలికి ఒక కట్టు.

ఇంతా చేసి, రసమట్టం ఒప్పుకున్న చోట ఫ్రేము తగిలిస్తే అది వంకరగా కనబడుతోంది! దూరం నుంచి చూశాను, వంకరే. కూర్చుని చూశాను, వంకరే. నా అనుమానం పైకప్పు మీదికి మళ్ళింది. మనకంటికి పక్కనున్న గీతే కొలబద్ద. కప్పే మట్టంగా లేకపోతే ఫ్రేమేం చేస్తుంది? ఈ రహస్యం గ్రీకులకి ఎప్పుడో తెలుసు. 

"ఏథెన్సులో పార్థెనాన్ ఉంది చూశావూ," అన్నాను స్టూలు మీద నుంచే. "క్రీ.పూ. 447లో మొదలుపెట్టి కట్టిన ఆలయం. దాని అరుగు మధ్యలో కొన్ని సెంటీమీటర్లు పైకి ఉబ్బి ఉంటుంది. స్తంభాలు లోపలికి వాలి ఉంటాయి. కంటికి తిన్నగా కనిపించడానికే అలా కట్టారని అంటారు."

"వాళ్ళు గుడి కట్టారండీ. మీరు మేకు కొడుతున్నారు."

అమ్మాయికి ఇలాంటి చోట దూరకపోతే తోచదు. "పీసా గోపురం నాన్నా! ఒరిగిపోతోందని 1990లో మూసేసి, 2001లో తెరిచారు. నలభై సెంటీమీటర్లకి పైగా వెనక్కి లాగి, చాల్లే అని వదిలేశారు, పూర్తిగా నిలబెట్టలేదు."

"చూశావా, పదకొండేళ్ళు పట్టింది" అన్నాను నేను.

"ఇంకా పదకొండేళ్ళా!" అని మా ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

కప్పుకీ రసమట్టానికీ మధ్యేమార్గంగా ఇంకో రెండు చిల్లులు పొడిచాక, తన వస్తువు కోసం పక్కింటాయన వచ్చాడు. గోడ వంక కాసేపు మౌనంగా చూశాడు, ఎవరినో పరామర్శించడానికి వచ్చినవాడిలా. 

"చెప్పడం మరిచానండీ. ఇది మేడ మీద నుంచి కిందపడ్డప్పటి నుంచి కాస్త కుడిపక్క అబద్ధమాడుతుంది." 

చేసి చూపించాడు కూడా. ఒక చోట ఆనించి బుడగ చూడాలి. అదే చోట మట్టాన్ని ఆ కొస ఈ కొసకి తిప్పి మళ్ళీ చూడాలి. మంచిదైతే బుడగ రెండుసార్లూ ఒకే చోట నిలుస్తుంది. మాది ఒకసారి తూర్పుకి, ఒకసారి పడమరకి వెళ్ళింది. అర నిమిషం పరీక్ష. నేను ఆరు గంటల తర్వాత నేర్చుకున్నాను.

లప్పం తెచ్చి చిల్లులు పూడుద్దామని నేను బయల్దేరుతుంటే, మా ఆవిడ వచ్చి, పదకొండు చిల్లుల్లో రెండు గట్టివి వేలితో తడిమి చూసి, మేకులు గుచ్చి, ఫ్రేము తగిలించేసింది. చిల్లులన్నీ దాని వెనక్కి పోయాయి. ఎడమ కొస బాగా పైకుంది, కుడి కొస కిందికుంది. ఏ కోణంలో చూసినా సందేహానికి తావులేని వంకర.

చెయ్యి దురద పెట్టింది. "ముట్టుకోకండి" అని వంటింట్లోంచే వినబడింది.

దూరం నుంచి చూశాను. ఏదో తేడాగా ఉంది. ఫ్రేము ఒరిగింది గానీ సముద్రం ఒరగలేదు. నీళ్ళు ఎడమ మూల నుంచి కారిపోయేలా లేవు. ఆకాశం కలిసేచోట గీత చక్కగా, అటూ ఇటూ సమంగా పడుకుంది. పక్కింటాయన ఇంకా గుమ్మం దాటలేదు. పరుగెత్తి ఆయన చేతిలోంచి రసమట్టం లాక్కొచ్చి, సముద్రం గీత మీద ఆనించాను. 

బుడగ సరిగ్గా రెండు గీతల నడుమ నిలబడింది. 

తిప్పి ఆనిద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ఫొటోలో బోర్లా పడబోతున్న నన్ను చూస్తూ, రసమట్టం ఆయనకిచ్చేశాను.