విశాఖ సముద్రానికి కొన్ని సవరణలు

వీకెండ్‌కి వైజాగ్ వచ్చే ఫ్రెండ్స్ బ్యాచ్‌ల పట్ల ఆ ఊరు చూపిస్తున్న నిర్లక్ష్యం గురించి ఇంతవరకూ ఎవరూ నోరు విప్పకపోవడం శోచనీయం. హైదరాబాద్‌లో ‘వైజాగ్ పక్కా’ అని వాట్సాప్ గ్రూపు పెట్టి, అది మూలపడితే ‘ఈసారి నిజంగా పక్కా’ అని ఇంకోటి పెట్టి, చివరికి శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ సైడ్ బెర్తు మీద లాప్‌టాప్ తెరిచి ‘వర్క్ ఫ్రమ్ హోమ్’ ముగించుకుంటూ వచ్చేవాళ్ళకి చేసే మర్యాద ఇదా?

మొదటి ఫిర్యాదు సూర్యుడి మీద. బంగాళాఖాతంలో సూర్యోదయం చూడాలన్నది ఏ ప్లాన్‌లోనైనా మొదటి అంశం. ఆయనేమో ఎండాకాలం అయిదున్నర కూడా కాకుండానే వచ్చేస్తాడు. హోటల్లో గది ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండుకి. ఈలోగా రైలు దిగిన బ్యాచ్ మొత్తం రిసెప్షన్ సోఫాలో ఒకరి భుజం మీద ఒకరు ఒరిగి నిద్రపోతుంది. సూర్యుడికీ హోటల్ మేనేజర్‌కీ మధ్య సమన్వయం లేదని తెలిసిపోతూనే ఉంది. పోనీ ఆదివారం చూద్దామా అంటే, ఎన్నింటికి లేవాలన్న దాని మీద శనివారం రాత్రి రెండు దాకా చర్చ నడుస్తుంది. కనీసం సెలవు రోజుల్లోనైనా సూర్యోదయాన్ని టిఫిన్ తర్వాతకి, అంటే పదిన్నర ప్రాంతానికి జరపాలి.

సూర్యాస్తమయం పరిస్థితి ఇంకా ఘోరం. గోవా వెళ్ళొచ్చిన మిత్రుడు ఒకడు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటాడు. సాయంత్రం అయిదు నుంచే ఆర్కే బీచ్‌లో సముద్రం వైపు ఫోన్ పట్టుకుని నిలబడతాడు. సూర్యుడు చప్పుడు చేయకుండా వెనకవైపు అపార్ట్‌మెంట్ల మీదుగా కొండల అవతలికి దిగిపోతాడు. ఇది తూర్పు తీరంరా బాబూ అంటే, “ముందే చెప్పాలి కదరా, ప్లాన్ వేసింది నువ్వేగా!” అని ఎదురు తిరుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. ఊరికి పడమర కూడా కాస్త సముద్రం ఏర్పాటు చేస్తే ఈ గొడవ ఉండదు.

అదే బీచ్ ఒడ్డున ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి మ్యూజియంగా కూర్చుంది. పొడవు తొంభై మీటర్ల పైచిలుకు. ఇందులోనే డెబ్బై మందికి పైగా సిబ్బంది, ఎండ మొహం చూడకుండా, పొదుపుగా నీళ్ళు వాడుకుంటూ, కలిసి బతికారు. లోపల తిరుగుతుంటే మన వాళ్ళు అబ్బో అని నోళ్ళు తెరుస్తారు. నౌకాదళం మీద నాకు అపారమైన గౌరవం ఉంది. కానీ ఆరుగురు మనుషులు, రెండు గదులు, పద్దెనిమిది కావాలనేవాడి చేతిలో ఏసీ రిమోట్, దుప్పటి లాక్కునేవాడు పక్కన... ఇలాంటి పరిస్థితిని ఏ కెప్టెనూ ఎదుర్కొని ఉండడు.

అలల విషయంలో మాత్రం ఊరిని తప్పుపట్టను. ఆర్కే బీచ్‌లో కెరటం వెనక్కి లాగే లాగుడు మామూలుది కాదు. రీల్ కోసం నడుము లోతుకి వెళ్ళి తిరిగి రానివాళ్ళ వార్తలు పేపర్లలో వస్తూనే ఉన్నాయి. లైఫ్‌గార్డు విజిల్ వేస్తే బయటికి రండి. ఇక్కడ వ్యంగ్యం లేదు.

ఇక అరకు. కొత్తవలస నుంచి అరకు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ దాకా వెళ్ళే రైలు మార్గాన్ని 1960లలో అక్కడి బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి వేశారు. దారిలో యాభైకి పైగా సొరంగాలు. రైలు ఒక్కో సొరంగంలో దూరగానే పెట్టె మొత్తం ఓ అని అరుస్తుంది, వెలుతురు రాగానే ఆపుతుంది. ఇన్నేళ్ళుగా అదే దారిన దిగుతున్న ఖనిజం మాత్రం ఏ సొరంగంలోనూ అరిచిన దాఖలా లేదు. ఇదంతా రైలు అందుకున్నవాళ్ళ సంగతి. అది ఏడు కాకముందే బయల్దేరుతుంది కాబట్టి మన బ్యాచ్‌లు సాధారణంగా కారులో, ఘాట్ రోడ్డు మలుపుల్లో, వెనక సీటువాడికి నిమ్మకాయ వాసన చూపిస్తూ వెళ్తాయి. బొంగులో చికెన్ దగ్గర గంటన్నర అవుతుంది. నీటి బొట్లు లక్షల ఏళ్ళు కష్టపడి చెక్కిన బొర్రా గుహలకి ఇరవై నిమిషాలు మిగులుతాయి. అందులో పదిహేను గ్రూప్ ఫోటోకి.

తిరుగు ప్రయాణంలో లెక్కలు మొదలవుతాయి. బీచ్‌లో తిన్న మురీ మిక్చర్‌ని తిననివాడికి కూడా ఎలా పంచారన్నది ఏలూరు దాటినా తేలదు. అన్నిటికంటే పెద్ద చిక్కు ‘సీ వ్యూ’ గది. దానికి హోటల్ వాళ్ళు అదనంగా వసూలు చేశారు. ఏసీ చల్లదనం పోతుందని మనవాళ్ళు రెండు రోజులూ కర్టెన్ తియ్యనేలేదు. వాడని సముద్రానికి డబ్బు వాపసు ఇవ్వాలన్నది మా డిమాండ్. ఇస్తే దాన్ని ఎలా పంచుకోవాలో తేల్చడానికి కొత్త గ్రూపు పెట్టాం.