బీరువాలో పెట్టిన ఫోన్

మాకు తెలిసినవాళ్ల అమ్మాయి ఇంటర్ మొదటి ఏడాది చదువుతోంది. వాట్సాప్ డీపీలోంచి ఆ పిల్ల ముఖం తీసుకుని, వేరే ఒంటికి అతికించి, క్లాసు కుర్రాళ్ల గ్రూపులో పెట్టారు. మూడు వారాలు తిరిగాక గానీ ఇంట్లో తెలియలేదు. నేను వెళ్లేసరికే వాళ్ల నాన్న ఆమె ఫోన్‌ని బీరువాలో పెట్టి తాళం వేశారు. మేం మాట్లాడుకుంటున్నంతసేపూ చీరల మధ్య నుంచి అది వైబ్రేట్ అవుతూనే ఉంది. ట్యూషన్ మాన్పించారు. చెల్లెలి పరువు కాపాడుతున్నాననుకుని అన్నయ్య ఆ ఫోటో, ఆమెకి వచ్చిన బెదిరింపు మెసేజ్‌లు అన్నీ డిలీట్ చేసేశాడు. వంటింట్లోకి తీసుకెళ్లి, "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను. "చెప్తే ఫోన్ లాగేసుకుంటారని ఆంటీ" అంది.

ఆ పిల్ల భయపడినట్టే జరిగింది. "మీ నాన్నకి పంపిస్తా" అని బెదిరించేవాడు నమ్ముకునేది మన ఇంటి కోపాన్నే. ఆ మెసేజ్‌కి బలం ఇస్తున్నది మనమే.

పైగా పిల్లలకి మనం చెప్పే జాగ్రత్త ఒక్కటే: తెలియనివాళ్లతో మాట్లాడొద్దు. కానీ తెలిసినవాళ్లే ఇలా చేస్తే? 2020 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, ఢిల్లీలో 'బాయిస్ లాకర్ రూమ్' అనే ఇన్‌స్టాగ్రామ్ గ్రూపు స్క్రీన్‌షాట్లు బయటికొచ్చాయి. స్కూలు కుర్రాళ్లు మైనర్ అమ్మాయిల ఫోటోలు పెట్టుకుని నీచంగా మాట్లాడుకున్న గ్రూపు అది. పోలీసులు ఒక మైనర్‌ని అదుపులోకి తీసుకున్నారు, 18 నిండిన అడ్మిన్‌ని అరెస్టు చేశారు. ఆ ఫోటోల్లో ఉన్నవాళ్లలో వాళ్లకి తెలిసిన అమ్మాయిలూ ఉన్నారు. ఎవరు రాశారో తెలియకుండా పోస్టులు పెట్టే, మన కాలేజీల పేరుతో నడిచే కన్ఫెషన్ పేజీలు చూడండి. అమ్మాయిలకి మార్కులు వేసేది, మారుపేరుతో బూతులు రాసేది ఎక్కడివాళ్లో కాదు, పక్క బెంచీవాళ్లే. ప్లాన్ ఇంటర్నేషనల్ అనే బాలల హక్కుల సంస్థ 2020లో పలు దేశాల్లో 15-25 ఏళ్ల అమ్మాయిలను అడిగితే, 58 శాతం మంది ఆన్‌లైన్‌లో వేధింపులు ఎదుర్కొన్నామని చెప్పారు.

చట్టం లేదా అంటే, ఉంది. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం 11వ సెక్షన్ చదివితే ఆశ్చర్యం వేస్తుంది. పిల్లల శరీర భాగాల చిత్రాన్ని, అది నిజమైనదైనా కల్పించినదైనా, వాడుకుంటామని బెదిరించడాన్ని అప్పుడే లైంగిక వేధింపుగా రాశారు. ఏఐ యాప్‌లు ఇంకా రాకముందే! అంటే "అది నిజం ఫోటో కాదుగా, మార్ఫింగేగా" అని కొట్టిపారేయడానికి వీల్లేదు. పిల్లల అశ్లీల చిత్రాలను పంపినా, దాచుకున్నా ఐటీ చట్టం 67బి కింద నేరం. ఇలాంటి ఫోటోలపై ఫిర్యాదు అందితే గంటల్లోనే తీసేయాలని ఐటీ రూల్స్ కంపెనీలకు చెబుతున్నాయి.

కానీ ఫిర్యాదుకి సాక్ష్యం కావాలి. అన్నయ్య చెరిపేసింది సరిగ్గా దాన్నే. ఏ ఐడీ నుంచి వచ్చింది, ఏ లింకు, ఏ తేదీ అన్నవి రాసి పెట్టుకోవాలి. చాట్ అలాగే ఉంచి పోలీసులకి చూపించాలి. సాక్ష్యం కోసమని కూడా ఆ ఫోటోని బంధువులకి పంపకూడదు. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇలాంటివాటికి పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేసే వీలుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. 18 లోపు పిల్లల ఇలాంటి ఫోటోలు తీసేయించడానికి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. ఫోటో మన ఫోన్ దాటి వెళ్లదు. దాని వేలిముద్ర లాంటి కోడ్ ఒకటి మాత్రమే ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ లాంటి కంపెనీలకి అందుతుంది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేదాన్ని మాత్రం అది ఆపలేదు.

కాలేజీవాళ్లు ఏమన్నారో తెలుసా? "మా పేరు బయటికి రానివ్వకండి, పిల్లలు సరదాకి చేశారు." పోక్సో నేరం జరిగిందని తెలిసీ పోలీసులకి చెప్పకపోతే అదే ఒక నేరమని వాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేరు. తప్పు చేసిన మైనర్‌ని జైల్లో వేయమని నేను అనడం లేదు. అందుకు మైనర్ల కేసులు చూసే జువెనైల్ బోర్డు ఉంది. తెలంగాణలో పోలీసుల షీ టీమ్స్ మైనర్ కుర్రాళ్లని తల్లిదండ్రుల ముందే కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇస్తాయి. కానీ ఆ కౌన్సెలింగ్ అయ్యాక కుర్రాడు మర్నాడు వచ్చి కూర్చునేది అదే క్లాసులో. అక్కడ లెక్చరర్లు నోరు విప్పకపోతే వాడికి అర్థమయ్యేది ఒక్కటే, ఏమీ కాలేదని.

ఈ పిల్ల ఫోటో పెట్టిన గ్రూపులో నలభై మందికి పైగా ఉన్నారట. ఫార్వర్డ్ చేసింది నలుగురైదుగురు. మిగతావాళ్లు చూసి ఊరుకున్నారు, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడు వాళ్లమ్మకి చెప్పాడు, ఆమె ఈ పిల్ల తల్లికి ఫోన్ చేసింది. విషయం బయటపడింది అలాగే. ఇప్పుడు సాక్ష్యం మిగిలింది కూడా ఆ అబ్బాయి ఫోన్‌లోనే. మర్నాడే అతన్ని గ్రూపులోంచి తీసేశారు. క్యాంటీన్‌లో పక్కన ఎవరూ కూర్చోవడం లేదని వాళ్లమ్మ బాధపడింది. సోమవారం అమ్మాయి నాన్నతో కలిసి స్టేషన్‌కి వెళ్తున్నాం. అటునుంచి కాలేజీకి వెళ్లి, నిజం చెప్పిన ఆ కుర్రాణ్ని ఇంతవరకు ఎవరైనా పిలిచి పలకరించారా అని ప్రిన్సిపాల్‌ని అడగాలి.