టీకాలో నూనె కల్తీ కాదు

“కోళ్ల టీకాల్లో పెట్రోలియం నూనె కలుపుతున్నారు, మీ కుటుంబాన్ని కాపాడుకోండి” అన్న సందేశం ఈ వారంలో నాకు ఆరోసారి వచ్చింది. పంపినవారంతా చదువుకున్నవాళ్లే. చివర ‘పది మందికి పంపండి’ అని ఉంటే పైన ఏముందో చూడనక్కర్లేదు కాబోలు.

అందులో వరుసగా అంకెలు వేసిన అంశాలున్నాయి. ముందు తేలికవి: టీకాలో కలిపేది హార్మోనట, బ్రాయిలర్ (మాంసం కోడి) తొందరగా పెరిగేది దానివల్లేనట. టీకాకు ఒళ్లు గట్టిగా స్పందించేలా అందులో కలిపే పదార్థం, అంటే అడ్జువెంట్, హార్మోను కాదు. బ్రాయిలర్ తొందరగా పెరిగేది జాతి ఎంపిక వల్ల, మేత వల్ల. ‘కోడి జన్యువులు మారిపోతాయి’ అన్నదానికి జవాబు రాయడం దండగ.

నూనె మాట నిజమే. చంపిన వైరస్ టీకాల్లో చాలావాటిలో శుద్ధి చేసిన ఖనిజ నూనె అడ్జువెంట్‌గా ఉంటుంది. సీసాలో పాలలా తెల్లగా, చిక్కగా కనిపించేది అదే. వైరస్ ఉన్న సన్నని నీటి బిందువుల చుట్టూ నూనె ఉంటుంది. ఇది ఎక్కువగా లేయర్లకు (గుడ్ల కోళ్లకు), బ్రీడర్లకు (పిల్లల కోసం పెంచే కోళ్లకు) వేసేది. కోతకు ముందు ఆగాల్సిన గడువు సీసా మీదే రాసి ఉంటుంది, కొన్నిటి మీద 42 రోజులు. బ్రాయిలర్ బతుకే దాదాపు అంత! అందుకే వాటికి చాలాచోట్ల కంటి చుక్కగానో తాగే నీటిలోనో సజీవ టీకాలు, అంటే బలహీనమైన బతికున్న వైరస్ ఉన్నవి, ఇస్తారు. వాటిలో ఈ నూనె ఉండదు.

నాకు ఒళ్లు మండింది మూడో అంశానికి: “అడ్జువెంట్ లేని స్వచ్ఛమైన టీకా అడగండి, లేదంటే టీకాలు మానేయండి.” చచ్చిన వైరస్ ఒంట్లో పెరగదు. ఉత్త నీటిలో కలిపి ఎక్కిస్తే ఒళ్లు దాన్ని చెత్తలా ఊడ్చేస్తుంది. శత్రువు వచ్చాడన్న కబురు సరిగా అందనే అందదు. నూనె ఆ సరుకును సూది పడిన చోటే పట్టి ఉంచి కొద్దికొద్దిగా వదులుతుంది, కాస్త వాపు పుట్టించి రక్షక కణాలను అక్కడికి రప్పిస్తుంది. అలా పుట్టిన యాంటీబాడీలు నెలల తరబడి నిలుస్తాయి, పచ్చసొన ద్వారా పిల్లలకూ చేరతాయి. స్వచ్ఛత పేరుతో నూనె తీసేస్తే కోడికి దక్కేది సూది పోటు. కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు) తీవ్ర రూపంలో టీకా లేని మందలోకి దిగితే పచ్చటి విరేచనాలు, మెలితిరిగిన మెడలు, కొద్ది రోజుల్లోనే ఖాళీ షెడ్డు. సందేశం రాసిన మహానుభావుడు అప్పుడు వచ్చి స్వచ్ఛమైన కళేబరాలు లెక్కపెట్టుకోవచ్చు.

అయితే ఏడో అంశం దగ్గర ఆగిపోయాను. ‘టీకా వేసిన కోడి కూడా వైరస్‌ను వదలగలదు’ అని ఉంది. నిజం. నూనె టీకా రక్తంలో యాంటీబాడీలను బాగా పెంచుతుంది గానీ, వైరస్ అడుగుపెట్టే ముక్కు, గాలిగొట్టం పొరల్లో కాపలా పలుచన. కోడి బతుకుతుంది, పక్కదానికి అంటించనూ గలదు. పైగా సూది వేసిన చోట గడ్డ కట్టవచ్చు. పొరపాటున వేసేవారి వేలిలోకే దిగితే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి, వేలు పోయే ప్రమాదం ఉంది. అంటే గొడవ పడాల్సింది అడ్జువెంట్ ఉందని కాదు, ఇంతకంటే మంచిది కావాలని. ముక్కు పొరలను మేల్కొలపడానికి కైటోసాన్ (రొయ్య, పీత పెంకుల నుంచి తీసే పదార్థం) కణాలనూ, సీపీజీ అనే డీఎన్ఏ ముక్కలనూ పరీక్షిస్తున్నది అందుకే. ఆ డీఎన్ఏ ముక్కలను మనుషుల్లో గుర్తుపట్టేది టీఎల్ఆర్9 అనే ప్రోటీను, రక్షక కణాల్లో ఉంటుంది. కోడికి అది లేదు, ఆ పని టీఎల్ఆర్21 చేస్తుంది. కాబట్టి మన టీకాలో పనిచేసినదాన్ని తెచ్చి కోడికి పొడిస్తే సరిపోదు, దాని లెక్క దానికి వేరే వేయాలి.