ఊరికి సొంత పేరుతో వేషం ఎప్పుడు?

పోయిన దసరా సెలవుల్లో మా అన్న కూతురు హైదరాబాద్ చూస్తానంటే హన్మకొండ నుంచి వెంటబెట్టుకుని వెళ్లాను. ఇంటర్ చదివే పిల్ల. ఏమేం చూస్తావంటే ఫోన్లో రాసిపెట్టుకున్న లిస్టు తీసింది. గోల్కొండ చరిత్ర, సాలార్‌జంగ్ గడియారం లాంటివేవీ అందులో లేవు. అన్నీ సినిమా లొకేషన్లే. మొదటిది చార్మినార్. 'ఒక్కడు'లో హీరో పైన కూర్చునే చోటు చూడాలట. గాజుల బేరాల మధ్య నిలబడి నిజం చెప్పక తప్పలేదు. అది ఈ చార్మినార్ కాదు బిడ్డా, ఊరి బయట సెట్ వేసి తీశారు అన్నాను. ఒకసారి పైకి చూసింది, ఒకసారి నా మొహం చూసింది. "మరి దీన్నెందుకు చూసుడు కాకా?" అంది.

నవ్వొచ్చింది కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

సినిమా లొకేషన్లు పట్టుకుని నగరం తిరగడాన్ని పిల్లచేష్ట అనుకునేవాళ్లుంటారు. నేను అనుకోను. టూరిస్టు బస్సు చూపించేది నవాబుల నగరం. సినిమా చూపించేది డాబా మీద ఆరేసిన బట్టలు, ఇరానీ హోటల్ మూల టేబుల్, వాన పడ్డ సందు. 'ఆనంద్' చూసినవాళ్లకు పద్మారావునగర్ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి బస్సెక్కిన మా తరంలో చాలామందికి హైదరాబాద్ ముందు తెరమీదే పరిచయం. జేబీఎస్ బస్టాండులో దిగింది ఆ తర్వాత.

అయితే షూటింగ్ జరిగిన ప్రతి చోటూ చూడాల్సిన చోటు కాదు. ఏ ఊరు తెరమీద తన పేరుతోనే కనిపించిందో, దాన్నే జనం వెతుక్కుంటూ వెళ్తారు. ఇంకో ఊరి వేషం కట్టిన ఊరిని ఎవరూ పట్టించుకోరు. లండన్‌లో నాటింగ్ హిల్ అనే పేటకు జనం ఇప్పటికీ వెళ్లి ఒక నీలం తలుపు ముందు ఫొటో దిగుతున్నారంటే, 1999 నాటి ఆ సినిమా పేరే 'నాటింగ్ హిల్' కావడం వల్ల. మన దగ్గరికి రండి. కర్నూలులోని కొండారెడ్డి బురుజు ఆ ఊరు దాటితే ఎంతమందికి తెలుసు 2003కి ముందు? అదే 'ఒక్కడు' సినిమా చార్మినార్‌ని సెట్ వేసుకుంది, బురుజు దగ్గరికి మాత్రం నేరుగా వెళ్లింది. అంతే, ఆ బురుజు తెలుగువాళ్లందరి సొత్తయిపోయింది. 2020లో 'సరిలేరు నీకెవ్వరు' వచ్చేసరికి ఆ బురుజుకే రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్ వేశారు. ఇంతకంటే వింత ఏముంటుంది? నిజమైన చోటు పేరు తెచ్చుకున్నాక, అసలును పక్కనబెట్టి నకలు కట్టుకున్నాం.

ఉత్తర తెలంగాణలోనూ ఇదే లెక్క. 2017లో 'ఫిదా' వచ్చింది. బాన్సువాడ పేరు బాన్సువాడగానే పలికింది. ఆ తర్వాత మాది బాన్సువాడ అని ఎవరన్నా చెబితే, అది ఎక్కడ అని అడగడం మానేసి "భానుమతి వాళ్ల ఊరా?" అని హీరోయిన్ పేరు పెట్టి అడిగారు జనం. ఇక 2023 మార్చి తీసుకోండి. ఒకే నెలలో రెండు సినిమాలు. 'బలగం' సిరిసిల్ల ప్రాంతపు పల్లెలో తీశారు. 'దసరా'ది సింగరేణి నేపథ్యం, కానీ ఊరంతా సెట్టు. సెట్ బాగుందా అంటే బ్రహ్మాండంగా ఉంది. బొగ్గు మసి కూడా నిజంలాగే ఉంది. కానీ చూసొద్దామని బయల్దేరితే ఎక్కడికి పోతారు? 'బలగం' మాత్రం తెర కట్టి ఊరూరా వేసుకున్నారు. ఊరు ఊరంతా చాపలేసుకుని కూర్చుని, ఆ గోడలు, ఆ అరుగులు, ఆ కాకి తమవే అనుకుని ఏడ్చారు.

సినిమా అంటేనే మాయ కదా, సెట్ వేస్తే తప్పేంటి అంటారు. నిజమే, అవుట్‌డోర్ అంటే యూనిట్‌కి బస, భోజనాలు, బేటాలు. హీరో వచ్చాడంటే జనాన్ని ఆపడం ఒక టెన్షన్. రక్షిత కట్టడమైతే కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్‌ఐ) లైసెన్సు, ఫీజు, డిపాజిట్టు. పదమూడో శతాబ్దపు కోట ఇవాళ శిథిలం కాబట్టి 2015లో 'రుద్రమదేవి'కి ఓరుగల్లును సెట్‌గా కట్టడం కూడా అర్థం చేసుకోగలను. మరి ఇవాళ్టి కథలకు ఏమొచ్చింది? రైల్వే స్టేషన్‌కి, కాలేజీకి, కూరగాయల మార్కెట్‌కి కూడా సెట్టేనా? 1,600 ఎకరాలకు పైగా ఉన్న ఫిల్మ్ సిటీలో ఉత్తుత్తి రైల్వే స్టేషన్ ఉంది. కాజీపేట జంక్షన్‌లో ఢిల్లీ నుంచి, బెజవాడ నుంచి, సికింద్రాబాద్ నుంచి వచ్చే లైన్లు మూడూ నిజంగానే కలుస్తాయి. తెలుగు సినిమాకు ఆ ఉత్తుత్తి స్టేషనే దగ్గర.

దీని మూలం ఖర్చులో లేదు. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు దాటితే తెలంగాణ అయిపోయిందనుకునే బుద్ధిలో ఉంది. రాష్ట్రం వచ్చి పదేళ్లు దాటింది. వెనకటికి మన యాస విలన్ పక్కన ఉండేవాడికో, నవ్వించేవాడికో ఇచ్చేవారు. ఇప్పుడు హీరోయే మాట్లాడుతున్నాడు. ఈలలు పడుతున్నాయి. సంతోషమే. కానీ యాస ఒక్కటే వచ్చింది, ఊరు రాలేదు. "ఏంరా, ఏడికి పోతున్నవ్" అనే డైలాగు మనది, ఆ మాట పలికిన ఇంటి గోడ మాత్రం హైదరాబాద్ చుట్టుపక్కల ఏ పొలంలోనో ప్లైవుడ్‌తో నిలబెట్టింది. వరంగల్ పిల్లగాడే సందీప్ రెడ్డి వంగా. 'అర్జున్ రెడ్డి'లో హీరోని మెడిసిన్ చదివించడానికి మంగళూరు తీసుకుపోయాడు. ఆయన చదువుకున్నది కర్ణాటకలో కాబట్టి తప్పు పట్టను. అయినా ఇక్కడ వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

పోనీ చూపించడానికి ఇక్కడేమీ లేదా? ఫిబ్రవరి, మార్చిలో ఒక్కసారి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి రండి. గేటు ఇంకా వంద గజాలుండగానే దగ్గు మొదలవుతుంది. లోపల కనుచూపు మేర ఎర్రటి మిర్చి బస్తాలు. తేజ, వండర్‌హాట్, చపాటా. ముక్కుకు తువ్వాల చుట్టుకున్న హమాలీలు, దోసిట్లో కాయ తిప్పి చూసి పెదవి విరిచే వ్యాపారి, ఆ పెదవి వైపే చూస్తున్న రైతు. ఏ ఆర్ట్ డైరెక్టర్ వేస్తాడు ఆ రైతు చూపును? భద్రకాళి చెరువు కట్ట, పద్మాక్షి గుట్ట, వేయిస్తంభాల గుడి ఎలాగూ ఉన్నాయి. నన్నడిగితే వాటికంటే నయీంనగర్ హాస్టళ్ల సందులే ముందు తీయాలి.

రాష్ట్ర చిహ్నంలో కాకతీయ తోరణం, దాని మధ్యలో చార్మినార్ ఉంటాయి. 2024లో వాటిని తీసేస్తారన్న మాట రాగానే ఎంత గొడవైందో తెలిసిందే. చిహ్నం మీద ఉండాలని కొట్లాడినవాళ్లం, తెరమీద ఎందుకు లేవని ఒక్కనాడైనా అడిగామా? షూటింగ్‌లకు రాయితీలంటూ ప్రభుత్వం మాట్లాడినప్పుడల్లా నాకు ఒకటే షరతు గుర్తొస్తుంది. జిల్లాలో తీస్తే ఇవ్వండి, ఆ ఊరి పేరు ఆ ఊరిదిగానే చెబితే రెండింతలు ఇవ్వండి.

మొన్న ఆదివారం పొద్దున ఖిలా వరంగల్ వెళ్లాను. తోరణం కింద ప్రీ వెడ్డింగ్ షూట్ నడుస్తోంది. అమ్మాయి లెహంగా అంచును ఇద్దరు పట్టుకుని ఎగరేస్తున్నారు, డ్రోన్ బయటికి తీయగానే గార్డు విజిలేశాడు. ఫొటోగ్రాఫర్ హన్మకొండ చౌరస్తా కుర్రాడే. డ్రోన్ పెట్టెలో సర్దుకుంటూ, "అన్నా, ఈ తోరణం ఏ సినిమాల ఉన్నదే?" అని అడిగాడు. నేను ఆలోచిస్తుంటే తనే అందుకున్నాడు. వచ్చే వారం ఇంకో జంటకు హైదరాబాద్‌లో షూట్ ఉందట, అక్కడ ప్రీ వెడ్డింగ్‌ల కోసమే సెట్లు కట్టి కిరాయికిస్తున్నారట.

"రైల్వే స్టేషన్ సెట్టు తీసుకున్నరు. ఫొటోలు మస్తుగొస్తయ్," అన్నాడు. ఏ ఊరివాళ్లని అడిగాను.

"పిల్లది కాజీపేటనే అన్నా."