మాస్టర్ ప్లాన్‌లో అమ్మమ్మ

హైదరాబాద్ శివార్లకు ప్రణాళిక లేదని తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఒక్కసారి తెల్లాపూర్, కొల్లూరు, కోకాపేట వైపు తిరిగి రండి. 2023 ఆగస్టు వేలంలో కోకాపేట ఎకరం 100 కోట్లు దాటింది. ఇక్కడ గజం గజానికీ ఆలోచన ఉంది. కారుకు రెండు పార్కింగులు, కుక్కకో పార్కు, క్లబ్ హౌస్‌లో ఎవరూ ఆడని స్క్వాష్ కోర్టు. కొత్తగా పెళ్లయిన జంటలు చేరే చోట పిల్లలు పుడతారన్న సంగతొక్కటే ఎవరికీ తట్టలేదు. మనిషన్నాక మతిమరుపు సహజం.

నిబంధనలకైతే లోటు లేదు. 400 నుంచి 800 జనాభాకి ఒక అంగన్‌వాడీ ఉండాలి. మా గేటెడ్ కమ్యూనిటీలో వెయ్యి ఫ్లాట్లు. ఫ్లాటుకు ముగ్గురేసుకున్నా మాకే నాలుగు కేంద్రాలు రావాలి. ఉన్నది ఒక్కటి, పాత ఊళ్లో, గుడి వెనక అద్దె గదిలో. మా పనమ్మాయి కొడుకు అక్కడే ఉంటాడు. గోధుమలు, శనగపప్పు, పాలపొడి కలిపిన బాలామృతం అక్కడ ఊరికే ఇస్తారు, అందుకే మావాళ్లకు నమ్మకం లేదు. అదే పొడిని రంగు డబ్బాలో పోసి ఆరొందలంటే ఎగబడి కొంటారు.

మొన్న పోలియో చుక్కల రోజున అంగన్‌వాడీ టీచరమ్మ భుజాన వ్యాక్సిన్ పెట్టెతో మా గేటు దగ్గర నిలబడింది.

"ఏ ఫ్లాటమ్మా?" అన్నాడు సెక్యూరిటీ.

"ఒక ఫ్లాటని కాదు బాబూ, పిల్లలున్న ఇళ్లన్నీ."

అతను ఫోన్‌లో యాప్ అటూ ఇటూ జరిపి చూశాడు. గెస్ట్ ఉంది, డెలివరీ ఉంది, క్యాబ్ ఉంది. ప్రభుత్వం లేదు. చివరికి ఆమెను డెలివరీ కింద రాసి లోపలికి పంపాడు. ఒకరకంగా న్యాయమే.

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పటి నుంచి 50 మందో, ఆపైనో ఉద్యోగులున్న సంస్థ పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ సదుపాయం కల్పించాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. బాగానే ఉంది. కానీ ఔటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీసు రోడ్డులో పొద్దున్నే బయల్దేరిన పాప ఆఫీసు చేరేసరికి ఎల్‌కేజీ వయసుకొస్తుందేమోనని భయం.

మరి ఇన్ని వేల కాపురాలు ఎలా నడుస్తున్నాయి? అమ్మమ్మ మీద. మంచినీళ్ల ట్యాంకరైనా ఓ రోజు రాదు గానీ అమ్మమ్మ తప్పకుండా వస్తుంది. తెనాలిలో రాత్రి బస్సెక్కి, ఆవకాయ జాడీ ఒళ్లో పెట్టుకుని తెల్లారేసరికి దిగుతుంది. జీతం లేదు, సెలవు లేదు, టెండరు అసలే లేదు. ఆర్నెల్లకోసారి నానమ్మకు చార్జి అప్పగిస్తుంది. కాబట్టి నా విన్నపం ఏమిటంటే, ఇకపై లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందు రోడ్డు వెడల్పుతో పాటు ఫ్లాటుకు ఎందరు అమ్మమ్మలు, వాళ్ల మోకాళ్లు ఎన్నాళ్లు పనిచేస్తాయి అన్నది కూడా బిల్డరు చేత రాయించాలి.

ఈ పథకం ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోందన్నది మాత్రం ఇంకా లెక్క తేలలేదు. మా ఎదురు ఫ్లాటు అమ్మమ్మగారికి రోజూ ఏడింటికల్లా తెనాలి నుంచి తాతయ్యగారి ఫోన్ వస్తుంది. నిన్నా వచ్చింది.

"ఇదిగో, పప్పుకి ఎన్ని విజిల్స్ అన్నావు?"