మహారాజశ్రీ ఇత్తడి రేకు గారి సముఖమునకు

బెజవాడలో బల్లల మీద యుద్ధనౌకల చిన్న నమూనాలు కట్టుకునే మేము, వాటికి రెయిలింగులు, నిచ్చెనల్లాంటి సన్నటి ముక్కలు ఇచ్చే తమరికి రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే పెన్ను కదలడం లేదు. మా కుశలం మాట అటుంచండి, తమరి 47వ నంబరు ముక్క కుశలం ఎవరికీ తెలియదు. సెర్చిలైటు అరుగు కింద నిలబడాల్సిన త్రికోణపు బ్రాకెట్ అది. నువ్వుగింజకు అన్నయ్య. ముక్కలు పట్టుకునే శ్రావణం మొనల మధ్య ఉండగా ఆఖరుసారి చూశాం. టిక్కుమని చిన్న చప్పుడయింది. ఆ తర్వాత శ్రావణం ఉంది, ముక్క లేదు.

తమరి పుట్టుక మాకు తెలియనిది కాదు. 0.1 నుంచి 0.2 మి.మీ. మందం ఉండే రేకుకు రెండు వైపులా వెలుతురు తగిలితే గట్టిపడే పూత పూస్తారు. డ్రాయింగు ఫిల్ము అడ్డం పెట్టి అల్ట్రావయొలెట్ వెలుతురు చూపిస్తారు. గట్టిపడని పూతను కడిగేసి ఫెర్రిక్ క్లోరైడ్ పట్టిస్తే, పూత లేని చోటల్లా అది ఇత్తడిని తినేస్తుంది. ఇంజినీరింగ్ కాలేజీలో సర్క్యూట్ బోర్డు చేయబోయి చొక్కాకు మరక తెచ్చుకున్న వాళ్లందరికీ ఆ ద్రావణం చుట్టమే. రెండు వైపులా తింటే చిల్లు, ఒకవైపే తింటే సగం లోతు గాడి. ఆ గాడే మడత గీత. ఇంత కష్టపడి వచ్చారు కాబట్టే తమరి ధర ఒక్కోసారి ఓడ నమూనా కిట్ ధరను దాటిపోతుంది. దాన్ని గురించి ఇంట్లో మాట్లాడం.

తమరి వాదనా మాకు కంఠతా వచ్చు. కిట్‌తో వచ్చే ప్లాస్టిక్ నిచ్చెన కమ్మీ అర మి.మీ. మందం. 1/200 కొలతలో, అంటే అసలు ఓడలో 200వ వంతు నమూనాలో, అది అసలు ఓడ మీద 10 సెం.మీ. లావు కమ్మీ అన్నమాట, ఏ నావికుడి గుప్పిటా పట్టదు. తమరి కమ్మీ 0.15 మి.మీ. అనుకుంటే 3 సెం.మీ. సరే, గుప్పిట్లోకి వచ్చింది, ఒప్పుకున్నాం. మరి అదే 0.15 మి.మీ. 1/350లో 5 సెం.మీ. దాటుతుంది, 1/700లో 10 సెం.మీ. దాటుతుంది. అంటే చిన్న ఓడల దగ్గరికొస్తే తమరూ ప్లాస్టిక్ బాపతే. ఈ లెక్క మాత్రం ప్యాకెట్ మీద ఎక్కడా రాయరు.

ఇంకో దాపరికం ఉంది. తమరికి గుండ్రం తెలియదు. రేకులోంచి కోసిన ప్రతిదీ బల్లపరుపే. 20 మి.మీ. విమాన విధ్వంసక తుపాకీ గొట్టాన్ని కూడా రేకులోనే కోసి పంపారు. పక్కనుంచి చూస్తే తుపాకీ, పైనుంచి చూస్తే గీత. జంతిక అడిగితే రిబ్బన్ పకోడీ చేతిలో పెట్టినట్టు. అలాంటివాటిని మేం ఫ్రెట్‌లోనే, అంటే ముక్కలన్నీ అతుక్కుని ఉండే రేకు చట్రంలోనే, ఉంచేస్తున్నామని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాం. గొట్టాలకు లేతులో తిప్పిన ఇత్తడి గొట్టాలున్నాయి, ఇప్పుడు రెజిన్‌లో త్రీడీ ప్రింట్ చేసినవీ వస్తున్నాయి. డబ్బు పెట్టలేని వాళ్లు కిట్‌లోని ప్లాస్టిక్ గొట్టాన్నే వాడుకున్నా తమరి రిబ్బన్ కంటే నయం.

రాడార్ జాలి, క్రేన్ చేతి అల్లిక, విమానాన్ని విసిరే కాటాపుల్ట్, పొగగొట్టం మూతి మీది జల్లెడ, ఇవి తమరి సొంత ఇలాకా. జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ మీది ఫూమో 23 రాడార్ యాంటెనా జాలిని ప్లాస్టిక్‌లో పోస్తే అట్టముక్క, తమరిలో కోస్తే అవతల ఆకాశం కనబడుతుంది. మా గొడవల్లా తమరు చేతికొచ్చే దారి గురించి.

ఫ్రెట్ నుంచి కోయడం దగ్గరే మొదలు. పచ్చటి మెత్తటి కటింగ్ మ్యాట్ మీద కోస్తే బ్లేడు తమరిని ముందు మ్యాట్‌లోకి నొక్కుతుంది, తర్వాతే కోస్తుంది. ముక్క మొన వంగుతుంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన నున్నటి సిరామిక్ టైలు గానీ గాజు పలక గానీ ఉండాలి. వంపు అంచున్న బ్లేడును ముక్కకు ఆనించి పైనుంచి దొర్లిస్తే తెగుతుంది, లాగితే జారుతుంది. కోసే ముందు వెనకవైపు మాస్కింగ్ టేపు అంటించాలి, లేకపోతే తెగిన క్షణంలో స్ప్రింగు విడిచినట్టు ఎగురుతుంది. 47 గారికి టేపు వేయలేదని ఎవరో అంటున్నారు. అది మా మీద నిందే గానీ అబద్ధం కాదు.

ఎగిరాక వెతకడం వేరే విద్య. ఇత్తడికి అయస్కాంతం పట్టదు. మన పాత ఇళ్ల మొజాయిక్ గచ్చు రంగూ తమరి రంగూ అప్పచెల్లెళ్లు. లైట్లన్నీ ఆర్పి, టార్చిని గచ్చుకు ఆనించి అడ్డంగా వెలుతురు వేస్తే మెరుస్తుంది. వాక్యూమ్ క్లీనర్ ఉన్నవాళ్లు మూతికి పాత సాక్సు కట్టి లాగితే దుమ్ముతో పాటు ముక్క సాక్సుకు అంటుకుంటుంది. అంతకంటే ముందు చీపురు పట్టుకొచ్చే మనిషిని గుమ్మం దగ్గరే ఆపాలి.

ఇంకో సంగతి. తమరి నంబరు ముక్క మీద ఉండదు, పక్కన ఫ్రెట్ మీద ఉంటుంది. కోసిన క్షణం నుంచి ముక్క అనామకం. కుడి బ్రాకెట్, ఎడమ బ్రాకెట్ అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి, మడతగీత ఎటుందో చూస్తే తప్ప తేడా తెలియదు. పది ముక్కలు ఒకేసారి కోసి గిన్నెలో వేసుకున్నవాడికి ఆ రాత్రి పెసరపప్పులో రాళ్లేరినంత పని.

మడతకొస్తే నియమం ఒక్కటే. మామూలుగా గాడి మడత లోపలివైపుకు రావాలి, ఒక్కసారే మడవాలి. తప్పు మడిచి మళ్లీ విప్పితే లోహం గట్టిపడి, రెండోసారికో మూడోసారికో గీత మీదే తెగుతుంది. పొగగొట్టం చుట్టూ చుట్టాల్సిన పట్టీలాంటివి సరాసరి చుడితే వెనక్కి విచ్చుకుంటాయి. వాటిని ముందుగా దీపం మంటలో రంగు మారేదాకా చూపించి చల్లారనిస్తే మెత్తబడతాయి. మంట పెద్దదైతే ముక్క మాయం, 0.15 మి.మీ. రేకు అంత త్వరగా కరుగుతుంది. రెయిలింగులను మాత్రం ఇలా మెత్తబరచకూడదు. స్ప్రింగుతనం పోయి, చెయ్యి తగిలినప్పుడల్లా తోటకూర కాడలా వాలిపోతాయి.

ఏటవాలు మెట్ల నిచ్చెనలున్నాయే, వాటి దగ్గర తమరి అసలు రంగు బయటపడుతుంది. రెండు పక్కలూ మడిచాక లోపల ఒక్కో మెట్టునూ సూదిమొనతో సమానంగా తిప్పుకుంటూ పోవాలి. ఇంద్రకీలాద్రి మీద మెట్ల పూజ చేసే ఆడవాళ్లు ప్రతి మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టుకుంటూ ఎక్కడం చూశాం. వాళ్లకు పైన అమ్మవారు కనబడుతుంది. మాకు పైన ఇంకో నిచ్చెన కనబడుతుంది.

వేసవి వచ్చిందంటే తమరికి ఫ్యాన్ గిట్టదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు ఫ్యాన్ ఆపుకుని కూర్చోవాలి. చెమట చుక్క పడితే ఇత్తడి నల్లబడుతుంది, వేలి జిడ్డు అంటిన చోట రంగు పెచ్చులూడుతుంది. వంటింట్లో గుంటూరు ఎండుమిరపకాయల పోపు పడే వేళ బల్ల దగ్గర ఉండరాదన్నది అనుభవజ్ఞుల మాట. ఒక్క తుమ్ముకు ఆరు ముక్కలు.

జిగురుకు వద్దాం. సూపర్ గ్లూ గాలిలో తేమ తగిలే గట్టిపడుతుంది. ముసురు రోజుల్లో బల్ల మీది చుక్క త్వరగా బిగుసుకుంటుంది, పైగా ఆవిరి చుట్టుపక్కల కూర్చుని ముగ్గు చల్లినట్టు తెల్లటి పొర వేస్తుంది. పల్చటి జిగురైతే జాలిలోకి పాకి కన్నాలన్నీ పూడ్చేస్తుంది, అంత డబ్బు పెట్టి కొన్న రాడార్ మళ్లీ అట్టముక్కే. అందుకే సూది బెజ్జం పైభాగం కోసేసి మిగిలిన పంగలో పట్టేంత జిగురే వాడాలి. అసిటోన్‌తో చెరుపుదామనుకుంటే ఇత్తడి శుభ్రపడుతుంది, కింద ప్లాస్టిక్ డెక్కు కరిగి పాయసమవుతుంది. రెయిలింగులకు తెల్ల జిగురు గానీ వార్నిష్ గానీ మేలు. ఆరేలోపు నాలుగుసార్లు నిలబెట్టి సరిచేసుకోవచ్చు. క్రేన్ చేయి లాంటి బరువు మోసే ఇత్తడి అతుకులకు టంకమే వేయాలి, అదీ ఓడ మీదకి ఎక్కించే ముందు.

ఇక మా పెద్ద ఫిర్యాదు. ఇది ప్యాకెట్ మీద గానీ, ఇన్‌స్ట్రక్షన్ కాగితంలో గానీ చూడలేదు. బిస్మార్క్ 251 మీటర్ల ఓడ. 1/200లో 125 సెం.మీ. పైన. ఒక్క పై డెక్కు అంచుకే రెండువైపులా కలిపి రెండున్నర మీటర్ల రెయిలింగు కావాలి, 5 మి.మీ. ఎత్తున. చూడ్డానికి పొడుగాటి ముక్కలు వరసగా అంటించేస్తే పని తొందరగా అయిపోతుందనిపిస్తుంది. కానీ పాలిస్టైరిన్ వేడికి సాగినంతగా ఇత్తడి సాగదు. 25 డిగ్రీల తేడాకు మీటరు ప్లాస్టిక్ సుమారు 1.75 మి.మీ. సాగితే ఇత్తడి అర మి.మీ. దగ్గరే ఆగుతుంది. బెజవాడలో జనవరి తెల్లవారుజాముకీ మే మధ్యాహ్నానికీ ఆ తేడా దండిగా ఉంటుంది. సంక్రాంతికి అంటించిన రెయిలింగు మే నెలలో డెక్కు సాగుతుంటే బిగుసుకుని కాళ్ల దగ్గర ఊడుతుంది. మేలో అంటించింది సంక్రాంతికి డెక్కు ముడుచుకుంటుంటే అలలు తిరుగుతుంది. పడమటి కిటికీ పక్కన షోకేసు పెడితే ఇదంతా ఒక్క రోజులోనే జరుగుతుంది. మందు ఒకటే: 6, 7 సెం.మీ. ముక్కలుగా కోసి, స్తంభం దగ్గర వెంట్రుకవాసి సందు వదలాలి. మూలతో మొదలుపెట్టాలి. డెక్కు అంచు వంపును మాస్కింగ్ టేపు మీద గీసుకుని, ఆ గీత మీదే ఇత్తడిని వంచి, ఆ తర్వాతే ఓడకు చూపించాలి. ఓడ మీద పెట్టి వంచేవాడికి రెయిలింగూ మిగలదు, డెక్కూ మిగలదు.

రంగు గురించి రెండు మాటలు. ఇత్తడికి ప్రైమరు లేకుండా అక్రిలిక్ పట్టదు. ముందు తమరిని కడగాలి. కొందరు వెనిగర్ అంటారు. ఇత్తడి బిందెలు తోమే ఊళ్లో వెనిగర్ వెతుక్కోవడమెందుకు, పల్చటి చింతపండు నీళ్లలో కాసేపు ఉంచి, సబ్బు నీళ్లతో కడిగి ఆరబెడితే అదే పని. కొబ్బరిపీచు పెట్టి తోమకండి, బిందె కాదది. రెయిలింగులకు ఫ్రెట్‌లో ఉండగానే ప్రైమరు, రంగు కొట్టి, కోసిన మొనలకు తర్వాత చుక్క పెట్టుకుంటే సరి.

అసలు బిస్మార్క్ 1940 ఆగస్టు 24న నౌకాదళంలో చేరి, 1941 మే 27న మునిగింది. తొమ్మిది నెలల కాపురం. తమరితో కలిసి దాన్ని బల్ల మీద కట్టేవాళ్లకు అంత తొందరగా విడుదల లేదు. కొండపల్లి ఇక్కడికి దగ్గరే. అక్కడ పొణికి చెక్కతో చేసిన ఏనుగు అంబారీకి రెయిలింగు లేదని ఇంతవరకు ఏ పిల్లవాడూ ఏడవలేదు. ఇది ఎత్తిపొడుపు కాదు, ఉత్త సమాచారం.

కావున తమరు దయచేసి ముక్క మీదే నంబరు వేయించుకు రావలసిందనీ, పోయే అలవాటున్న చిన్న ముక్కలను ఫ్రెట్‌లో ఒకటి రెండు అదనంగా పెట్టించవలసిందనీ, తుపాకీ గొట్టాల జోలికి రావద్దనీ ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయులు,
కళ్లద్దాల మీద కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లు,
బెజవాడ.

తా.క.: 47 గారి స్థానంలో 0.25 మి.మీ. ప్లాస్టిక్ షీటు నుంచి త్రికోణం కోసి, సూదితో మూడు కన్నాలు పొడిచి అంటించాం. రంగు కూడా పడింది. ఆ పోస్టు భర్తీ అయింది కాబట్టి వారు ఫ్రిజ్ కింద ఉన్నా, చీపురు కుచ్చులో ఉన్నా అక్కడే ఉండవచ్చు.