ఆదాయం 2, వ్యయం 14: సైకిల్ రేసు పంచాంగం

ఉగాది రోజు పంచాంగ శ్రవణంలో పంతులుగారు నా రాశికి ఆదాయం 2, వ్యయం 14, రాజపూజ్యం 1, అవమానం 6 అని చదివితే ఇంట్లో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను రోజూ పొద్దున కళ్లు తెరవగానే ఫోన్‌లో చూసుకునేది అచ్చం అదే. నా సైకిల్ ట్రైనింగ్ యాప్ గత 42 రోజులు పడ్డ కష్టానికి సగటు తీసి ఫిట్‌నెస్ అంటుంది, గత 7 రోజుల సగటుని అలసట అంటుంది, మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది ఫామ్. అంటే ఆదాయం, వ్యయం, మిగులు. రైడ్లు పోస్టు చేసుకునే స్ట్రావా యాప్‌లో పడే కూడోస్, అంటే లైకులు, రాజపూజ్యం. ఆదివారం గుంపుగా బయల్దేరి, అందరూ ముందుకు వెళ్లిపోయాక గండిపేట రోడ్డు మీద నేనూ ఒక గేదెల మందా మిగలడం అవమానం. తేడా ఒక్కటే, పంచాంగం ఉగాదికి షాపువాళ్లు ఊరికే ఇస్తారు, దీనికి నెలనెలా చందా కట్టాలి.

ఇంత శాస్త్రం చేతిలో ఉండి కూడా మన హైదరాబాద్ అమెచ్యూర్ రేసర్లకి లక్ష్యం పెట్టుకోవడం సరిగా రావడం లేదు, ఆ బాధతోనే ఇది రాస్తున్నాను. నా అర్హత ఏంటంటారా, నాలుగేళ్లుగా లక్ష్యాలు పెట్టుకుంటున్నాను. సాధించినవాడికి ఒక్క లక్ష్యం గురించే తెలుస్తుంది, నాకు చాలా వాటితో పరిచయం ఉంది.

అసలు లక్ష్యం ఎక్కడ పుడుతుంది? రేసు మీద ఇష్టంతో పుడుతుందని అందరూ అనుకుంటారు. కాదు, ఈఎంఐలోంచి పుడుతుంది. లక్షా ఎనభై వేలు పెట్టి కార్బన్ సైకిల్ తెచ్చాక, ఎందుకు కొన్నావని ఇంట్లో అడిగితే, ఆదివారం పొద్దున గండిపేట దాకా వెళ్లి చాయ్ తాగి రావడానికి అని చెప్పే ధైర్యం ఎవరికుంది? అందుకని "జనవరిలో రేసుంది" అనేస్తాం. అప్పటికి అలాంటి రేసు ఉందో లేదో మనకే తెలీదు, రాత్రి అందరూ పడుకున్నాక వెతికి పట్టుకుంటాం.

ఈ విషయంలో చిలుకూరు బాలాజీ పద్ధతి చాలా స్పష్టంగా ఉంటుంది. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక మళ్లీ వచ్చి 108. (లోడ్ ఒక్కసారిగా పదింతలు పెంచడాన్ని ఏ కోచూ ఒప్పుకోడు, దేవుడు కాబట్టి చెల్లింది.) మా వాళ్లు దీన్ని తిరగేశారు. ముందే 108 పోస్టులు, ఆ తర్వాత 11 రైడ్లు. కొత్త జెర్సీ ఫోటో, కొత్త చక్రాల ఫోటో, పొద్దున నాలుగున్నరకి అలారం పెట్టుకున్న ఫోటో. అలారం మోగాక ఏం జరిగిందో చూపించే ఫోటో మాత్రం ఇంతవరకు ఎక్కడా చూడలేదు.

ఇక ఎఫ్‌టీపీ. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఒక మనిషి సుమారు గంటసేపు పడిపోకుండా నిలబెట్టుకోగల పవర్ అది, వాట్లలో కొలుస్తారు. టెస్టు కోసం గంట ఎవరు తొక్కుతారు, అందుకే 20 నిమిషాలు ప్రాణం పెట్టి తొక్కి, వచ్చిన సగటులో 95 శాతం రాసుకోమన్నారు. ఈ 5 శాతం కోత దగ్గరే మా వాళ్లకి కడుపు మండుతుంది. 200 వస్తే 190 రాసుకోవాలట. ఆ పది వాట్లు ఎవడబ్బ సొమ్మని వదిలేస్తాం? మా బ్యాచ్‌లో కోత వేసి చెప్పుకునేవాడు ఒక్కడూ లేడు, పైగా వచ్చిన దానికి పది కలిపి దాన్నే ఈ ఏడాది లక్ష్యం అంటారు. అక్కడికి లక్ష్యం సగం సాధించేసినట్టే.

నేను నిజాయితీగా టెస్టు చేద్దామని ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్‌కి వెళ్లాను. 2023 అక్టోబర్ 1న తెరిచారు, నానక్‌రామ్‌గూడ వైపు, నార్సింగి వైపు కలిపి 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల కప్పు. ఆ కప్పు సామర్థ్యం 16 మెగావాట్లు. దాని కింద తొక్కే నా సామర్థ్యం 170 వాట్లు. పొద్దున ఐదున్నరకి మాత్రం ఇద్దరం సమానమే, ఎండ వచ్చేదాకా అదీ సున్నా, నేనూ సున్నా. పదకొండో నిమిషం దాకా బాగానే నడిచింది. పక్కన బుల్లి చక్రాలున్న సైకిల్ మీద ఒక పిల్లాడు, వాడి వెనక మంకీ క్యాప్ పెట్టుకున్న తాతగారు అడ్డంగా వచ్చారు. బ్రేకు వేశాను. "మెల్లగా పోవాలె సార్, పిల్లలుంటరు" అన్నారు తాతగారు. సగటు పోయింది, టెస్టూ పోయింది.

సరే అని ఇంట్లో ట్రైనర్ బిగించాను, సైకిల్‌ని కదలకుండా పట్టుకుని ఉన్నచోటే తొక్కించే స్టాండు అది. బాల్కనీ, టేబుల్ ఫ్యాన్, చెమట కారకుండా కింద పరిచిన పాత లుంగీ. మా అమ్మ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎనిమిదో నిమిషం దాకా ఓపిక పట్టింది.

"ఏడికీ పోకుండ గింతసేపు ఎందుకు తొక్కుతున్నవ్ బిడ్డా?"

"ఎఫ్‌టీపీ అమ్మా."

"బీపీ లెక్కనా? గోలీలేమన్న రాసిండా డాక్టర్?"

నాకు మాట్లాడే ఊపిరి లేదు. ఆమె ఇంకో నాలుగు కాయలు ఒలిచి, తనలో తను అనుకుంటున్నట్టుగా అంది, "మా ఊర్ల గానుగెద్దు గిట్లనే తిరుగుతుండె. దానికి నూనె అన్న వస్తుండె." పద్దెనిమిదో నిమిషంలో కాలింగ్ బెల్ మోగింది. వాటర్ క్యాన్ అబ్బాయి. ఖాళీ క్యాన్ నా సైకిల్ వెనకే ఉంది. దిగి ఇచ్చి వచ్చాను. పద్దెనిమిది నిమిషాల సగటునే ఇరవై అని రాసుకున్నాను, అందులో 5 శాతం కోత మాత్రం తప్పకుండా వేశాను, ఒక రోజులో మనిషి అన్ని తప్పులూ చేయకూడదు. 170 వచ్చింది.

ఆ 170ని నా బరువు 78తో భాగిస్తే కిలోకి 2.2 వాట్లు కూడా సరిగ్గా రాదు. ఈ భాగహారంలో రెండు దారులున్నాయి. పైన ఉన్నది పెంచడం, కింద ఉన్నది తగ్గించడం. మా వాళ్లు మూడోది కనిపెట్టారు, సైకిల్ బరువు తగ్గించడం. నలభై గ్రాముల తేడా కోసం కార్బన్ బాటిల్ కేజ్ తెప్పించుకుని, అందులో ముప్పావు లీటరు నీళ్ల బాటిల్ పెట్టుకుని బయల్దేరే మనుషులు నాకు తెలుసు. రేసు సైకిల్ 6.8 కిలోల కంటే తేలిగ్గా ఉండకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య రూల్ పెట్టింది. పొట్ట గురించి ఏ రూలూ పెట్టలేదు, ఆ సందు దొరికింది మాకు. గంటసేపు 170 వాట్లు తొక్కితే పెడల్ మీద జరిగే పని 612 కిలోజౌళ్లు. ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు నాలుగో వంతే పెడల్‌కి చేరుతుంది, మిగతాది వేడిగా పోతుంది, కాబట్టి లెక్క తిరిగి తిరిగి ఆరొందల పైచిలుకు కేలరీల దగ్గర తేలుతుంది. అందరికీ నోటికొచ్చిన లెక్కే ఇది. ఆ లెక్క చెప్పుకుంటూనే బటర్ మసాలా దోశ, దాని వెనక ఒక ప్లేట్ వడ, దాని వెనక చాయ్, ఉస్మానియా బిస్కెట్. ఆదాయం 2, వ్యయం 14 అన్నది మామూలు సంసారుల సంగతి, పొట్ట విషయంలో అది తిరగబడుతుంది.

ఇంకొందరు వాట్ల జోలికి పోరు, సగటు వేగాన్ని లక్ష్యంగా పెట్టుకుంటారు. పోయినేడాది 29, ఈ ఏడాది 32. కాగితం మీద మూడే అంకెలు. కానీ చదును రోడ్డు మీద ఆ వేగంలో పోరాటమంతా గాలితోనే, వేగం పది శాతం పెరగాలంటే ఆ గాలిని చీల్చడానికి మూడో వంతు ఎక్కువ పవర్ కావాలి. పైగా గాలికి అడ్డంగా నిలబడేది సైకిల్ కంటే ఎక్కువగా మన ఒళ్లే. దీనికి మా వాళ్లు కనిపెట్టిన ఉపాయం ఎవరో ఒక పొడుగాటి మనిషి వెనక చక్రానికి అతుక్కుని వెళ్లడం, ఇంటికొచ్చాక "ఈ రోజు 32 వచ్చింది" అని పోస్టు పెట్టడం. అతుక్కోవడం తప్పేమీ కాదు, రేసులో అదొక విద్య. ఆ పొడుగాటాయన సెలవు మీద ఊరెళ్లిన ఆదివారాలు మాత్రం బ్యాచ్ మొత్తానికి జ్వరాలు వస్తాయి.

మధ్యలో ఒకసారి డబ్బులిచ్చి కోచ్‌ని పెట్టుకున్నాను. కుర్రాడు. ఎన్నో స్థానం వస్తుందనేది నీ చేతిలో లేదు సార్, పక్కవాడు ఎంత తొక్కుతాడో నీకేం తెలుసు, నీ చేతిలో ఉన్నదాన్ని లక్ష్యంగా పెట్టుకో అన్నాడు. ఏముంది నా చేతిలో అంటే, వారానికి నాలుగు రోజులు తొక్కు, పెద్ద రైడ్‌లో ఆకలేసేదాకా ఆగకుండా గంటగంటకీ ఏదో ఒకటి తిను, రాత్రి పదింటికి పడుకో అన్నాడు. ఇదా లక్ష్యం? "ఈ నెల 22 రోజులు పదింటికే పడుకున్నాను" అని పెడితే ఎవడు లైక్ కొడతాడు? పదింటికి పడుకోవాలంటే మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తాయనలా బతకాలి. తొమ్మిదిన్నరకల్లా వాళ్లింట్లో లైట్లు ఆరిపోతాయి, పొద్దున్నే లేచి కింద షటిల్ ఆడుకుంటాడు, అదీ ఒక జీవితమేనా. కోచ్‌ని మాన్పించాను.

క్యాలెండర్ సంగతి చెప్పకపోతే వ్యాసం పూర్తికాదు. రేసు తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలని నియమం. బేస్ అని పునాదికి మెల్లగా తొక్కడం కొన్ని వారాలు, ఆ తర్వాత బిల్డ్ అని జోరు పెంచడం, మూడు వారాలు పెంచితే ఒక వారం రికవరీకి తగ్గించడం. జనవరి చివర రేసు అనుకుందాం. వెనక్కి వస్తుంటే సంక్రాంతి, సకినాలు, మా అత్తగారి ఊరు. ఆ ముందు డిసెంబర్, ఆఫీసులో రిలీజ్. ఆ ముందు కార్తీక మాసం, వనభోజనాలు, పెళ్లిళ్లు. ఇంకా ముందు దీపావళి, దసరా, బతుకమ్మ. దాని ముందు వానలు, వినాయక నిమజ్జనం, బోనాలు. ఇంకా వెనక్కి పోతే ఎండాకాలం, నలభై డిగ్రీలు. ఎక్కడా సందు లేదు. మూఢంలో శుభకార్యాలు చేయరు, రికవరీ వారంలో ఇంటర్వెల్స్, అంటే ఆగి ఆగి జోరుగా తొక్కడాలు, చేయరు, నాకు ఏడాదంతా మూఢమే. రేసుకి ముందు వారం పది రోజులు తగ్గించి తొక్కడాన్ని టేపర్ అంటారు. దించాలంటే ముందు ఎక్కించి ఉండాలి కదా. నేను బోనాల నుంచీ టేపర్‌లోనే ఉన్నాను.

మా బావమరిది తెలివైనవాడు, ఇవన్నీ దాటేసి 2027 పారిస్-బ్రెస్ట్-పారిస్ లక్ష్యం పెట్టుకున్నాడు. 1200 కిలోమీటర్లు, 90 గంటలు, నాలుగేళ్లకోసారి. నాలుగేళ్లకోసారి వచ్చే లక్ష్యంలో సుఖం ఏంటంటే మూడేళ్లు ఎవరూ అడగరు. దానికి వెళ్లాలంటే 200, 300, 400, 600 కిలోమీటర్ల బీఆర్‌ఎమ్‌లు, అంటే టైమ్‌లోపల ముగించాల్సిన దూరపు రైడ్లు, ముందు పూర్తి చేసుకోవాలి. 200కి పదమూడున్నర గంటల టైమ్ ఇస్తారు, అది రేసు కాదు, ర్యాంకులు ఉండవు, టైమ్‌లోపల వచ్చినవాళ్లంతా సమానమే. అయినా ప్రతిసారీ వచ్చి "నేను ఏడోవాణ్ని బావా" అంటాడు. ఎవరు లెక్కపెట్టారో తెలీదు.

చివరికి నేను కనిపెట్టిన పద్ధతి చెప్తాను. వాట్లు పెంచొద్దు, బరువు తగ్గొద్దు, కేటగిరీ చూసుకోండి. ఊరి అవతల జరిగే ఒక చిన్న టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడి తొక్కే రేసు, 20 కిలోమీటర్లు, నలభై దాటినవాళ్లకి వేరే కేటగిరీ. ఆన్‌లైన్‌లో పేర్ల జాబితా పెట్టారు. నాతో కలిపి ముగ్గురు. పోడియానికి మెట్లు మూడు. పూర్తి చేస్తే చాలు, మెడల్. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో "ఈ ఆదివారం పోడియం ఖాయం" అని పెట్టాను. దండాలు, చప్పట్లు, కండల బొమ్మలు వరసగా పడ్డాయి. మూడో అంతస్తాయన మాత్రం మర్యాదగా అడిగాడు, "మీ కేటగిరీలో ఎంతమంది సార్?" ముగ్గురే సార్ అన్నాను. స్పాట్ రిజిస్ట్రేషన్ ఉందా అన్నాడు. ఉంటుందనుకుంటా సార్ అన్నాను.

ఆదివారం పొద్దున బిబ్ నంబర్లు ఇచ్చే టేబుల్ దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు. షటిల్ ఆడే బూట్లు, కొడుకు హైబ్రిడ్ సైకిల్, దాని స్టాండ్ కూడా తీయలేదు. "నిన్న రాత్రి బాగా నిద్ర పట్టింది సార్, వెళ్లొద్దాంలే అనిపించింది" అన్నాడు. నేను రాత్రి పన్నెండున్నర దాకా గాలి ఎటు వీస్తుందో యాప్‌లో చూస్తూ కూర్చున్నాను.

నలభై సెకన్ల తేడా. ఆయన మూడు, నేను నాలుగు.

మెడల్ వేసుకున్నాక ఆయనే నన్ను పిలిచాడు. "సార్, మీరైతే బాగా తీస్తారు, ఒక ఫోటో తీయండి. కొంచెం వంగి తీస్తే మూడు మెట్లూ పడతాయి." వంగాను. నడుము పట్టేసింది.

ఇంటికొచ్చి యాభై దాటినవాళ్ల జాబితా తెరిచి చూశాను. ఇద్దరే. నాకింకా ఆరేళ్లుంది. ఈసారి గ్రూప్‌లో పెట్టలేదు.